హైదరాబాద్‌లో డేటా సైన్సా, కొండగట్టు దగ్గర ఈసీఈనా?

ప్రశ్న: మాది జగిత్యాల. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. మా ఆయన పదేళ్లుగా దుబాయిలో డ్రైవర్‌గా పనిచేస్తున్నారు. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో 21 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మేము బీసీ-డి. నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) రావచ్చని, హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలోనైతే సీఎస్‌ఈ డేటా సైన్స్ తప్పకుండా వస్తుందని తెలిసినవారు అంటున్నారు. కంప్యూటర్ కోర్సే చదవాలని, అదీ హైదరాబాద్‌లోనే చదవాలని మా ఆయన పట్టుదల. అమ్మాయికి ఫిజిక్స్ ఇష్టం. ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో ఇంకా తెలియదంటుంది. ఈలోగా ఒక కన్సల్టెంట్ ఫోన్ చేసి, 50 వేలు అడ్వాన్సు కడితే పేరున్న కళాశాలలో సీఎస్‌ఈ సీటు ఆపి ఉంచుతానంటున్నాడు. వెబ్ ఆప్షన్లకు కొద్ది రోజులే ఉంది. ఏది ముందు పెట్టాలి?
— ఒక తల్లి, జగిత్యాల

సమాధానం: అమ్మా, మీరు చివర రాసిన కన్సల్టెంట్ సంగతినే నేను ముందు తీసుకుంటాను. మిగతా విషయాలను కొద్ది రోజులు ఆలోచించుకోవచ్చు గాని, అతనికి పంపిన డబ్బు వెనక్కి రావడం కష్టం. తెలంగాణలోని ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటాలోను, 30 శాతం యాజమాన్య కోటాలోను ఉంటాయి. కన్వీనర్ కోటా సీటును ర్యాంకు, రిజర్వేషన్, మీరిచ్చిన ఆప్షన్ల వరుస చూసి కంప్యూటరే కేటాయిస్తుంది కనుక దాన్ని ముందుగా ఆపి ఉంచడం ఎవరి తరమూ కాదు. అంటే అతను అమ్మజూపుతున్నది యాజమాన్య కోటా సీటు. ఆ కోటాలో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. నిర్ణయించిన ఫీజుకు మించి వసూలు చేయడాన్ని 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం ఎప్పుడో నిషేధించింది. అందుకే ఇటువంటి డబ్బుకు రసీదు ఇవ్వరు. రేపు సీటు రాలేదన్నా, వచ్చిన సీటు అనుకున్నది కాదన్నా అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. అతని ఫోన్ ఎత్తకపోయినంత మాత్రాన మీ అమ్మాయికి పోయేది ఏమీ లేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మీవారి పట్టుదలను తేలిగ్గా కొట్టిపారేయలేం. చుట్టుపక్కల ఎవరి పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నారో చూస్తే ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌లోనే కనిపిస్తారు. పదేళ్లుగా ఇంటికి దూరంగా ఉండి సంపాదిస్తున్న మనిషి, కూతురి చదువు ఉద్యోగం తెచ్చిపెట్టాలని కోరుకోవడంలో తప్పేముంది? అయితే ఆయన రెండు కోర్సుల పేర్లను పోలుస్తున్నారు, పోల్చవలసింది రెండు డిపార్ట్‌మెంట్లను. రాబోయే నాలుగేళ్లలో ఆమెకు పాఠం చెప్పేది, ల్యాబ్‌లో తప్పులు దిద్దేది, ప్రాజెక్టు చేయించేది ఒక్క డిపార్ట్‌మెంటులోని పది పదిహేనుమంది అధ్యాపకులు. వాళ్లు ఎవరో, ఎంతకాలంగా అక్కడ పనిచేస్తున్నారో తెలియకుండా ఫలానా కళాశాల మంచిదని చెప్పడం నాకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు.

డేటా సైన్స్ అనే పేరును కొంచెం దగ్గరగా చూడండి. సీఎస్‌ఈలో డేటా సైన్స్, ఏఐ-ఎంఎల్, సైబర్ సెక్యూరిటీ వంటి పేర్లతో కోర్సులు మన రాష్ట్రంలో 2020-21 విద్యాసంవత్సరంలో మొదలయ్యాయి. వాటి తొలి బ్యాచ్ 2024లో బయటికి వచ్చింది. మొదటి రెండేళ్ల సిలబస్ మామూలు సీఎస్‌ఈకి, వీటికి దాదాపు ఒకటే. తేడా అంతా మూడు, నాలుగు సంవత్సరాల్లోని కొన్ని సబ్జెక్టుల్లో ఉంటుంది, ఆ సబ్జెక్టులు చెప్పగలిగినవారు ఆ కళాశాలలో ఉన్నారా అన్నదే ప్రశ్న. డేటాను విశ్లేషించడానికి కావలసిన స్టాటిస్టిక్స్ లోతుగా తెలిసిన అధ్యాపకుడు ఒక్కరైనా లేని చోట డేటా సైన్స్ అన్నది బోర్డు మీది పేరే. ఒకే కళాశాలలో మామూలు సీఎస్‌ఈ, ఈ కొత్త పేరున్న కోర్సు రెండూ అందుబాటులో ఉంటే నేను మామూలు సీఎస్‌ఈనే ముందు పెట్టమంటాను.

అధ్యాపకుల లెక్కను మీరే వేసుకోవచ్చు. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇరవైమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఒక సెక్షన్‌కు 60 మంది చొప్పున నాలుగు సంవత్సరాలకు 240 మంది అవుతారు కనుక ఒక్క సెక్షన్ నడపడానికే 12 మంది కావాలి. 2024 నుంచి ఏఐసీటీఈ సీట్ల సంఖ్యపై పరిమితిని ఎత్తివేయడంతో చాలా కళాశాలలు సివిల్, మెకానికల్ సీట్లను తగ్గించుకుని కంప్యూటర్ కోర్సుల సెక్షన్లను పెంచుకున్నాయి. మీరు చూస్తున్న కళాశాలలో కంప్యూటర్ సంబంధిత కోర్సులన్నీ కలిపి పది సెక్షన్లు ఉన్నాయనుకుంటే, అన్ని బ్యాచ్‌లూ నిండేసరికి 120 మంది అధ్యాపకులు కావాలి. అంతమంది ఉన్నారా, ఉన్నవారిలో ఎందరు రెండేళ్ల కిందటే ఎంటెక్ ముగించినవారు, ఎందరు తనిఖీల రోజున మాత్రమే కనిపించేవారు? తనిఖీ కోసం కాగితం మీద పేర్లు చూపించే అలవాటు మన కళాశాలల్లో కొత్తది కాదు. అధ్యాపకులకు బయోమెట్రిక్ హాజరు పెట్టవలసి వచ్చింది ఊరికే కాదు.

కళాశాల గేటు మీద, బస్సుల మీద కనిపించే అక్షరాల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో కూడా చెబుతాను. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ తన గ్రేడును మొత్తం కళాశాలకు ఇస్తుంది. ఏ ప్లస్ ప్లస్ వచ్చిన చోట కూడా ఒక బ్రాంచి బలహీనంగా ఉండవచ్చు. కోర్సుల నాణ్యతను చూసే ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచి వారీగా, గడువుతో ఇస్తారు కనుక మీకు ఎక్కువగా పనికివచ్చేది అదే. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి వెళితేనే ఒక కోర్సు ఆ గుర్తింపుకు అర్హమవుతుంది. కాబట్టి కళాశాలవారు ‘మాకు ఎన్‌బీఏ ఉంది’ అన్నప్పుడు ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు అని అడగండి. ఎలక్ట్రికల్‌కు వచ్చిన గుర్తింపు డేటా సైన్స్‌కు అక్కరకు రాదు. అటానమస్ అంటే సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాలే చూసుకుంటుంది, పట్టా మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. ఆ స్వేచ్ఛను కొందరు సిలబస్‌ను మెరుగుపరచడానికి వాడుకుంటే, మరికొందరు మార్కులు ధారాళంగా వేయడానికి వాడుకుంటారు, కనుక అది మంచికో చెడుకో గుర్తు కాదు.

చాలామంది తల్లిదండ్రులు చూడని కాగితం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసే ప్రతి కళాశాల, తాను పంపిన వివరాలను తన వెబ్‌సైటులో పెట్టాలి. ర్యాంకు వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ వివరాలు కళాశాల స్వయంగా సమర్పించినవే గనుక మీకు కావలసిన సంగతులు అందులోనే దొరుకుతాయి. మొదటి సంవత్సరంలో ఎంతమంది చేరారో, వారిలో ఎంతమంది నాలుగేళ్లలో గట్టెక్కారో, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, వారి మధ్యస్థ వేతనం (సగంమందికి అంతకంటే ఎక్కువ, సగంమందికి తక్కువ వచ్చే మొత్తం) ఎంతో అందులో ఉంటుంది. ఐదువందలమంది చేరి మూడువందలమందే సకాలంలో పట్టా అందుకున్న చోట, మిగతా రెండువందలమంది బ్యాక్‌లాగులతో ఎక్కడ చిక్కుకున్నారని అడగవలసి ఉంటుంది. అధ్యాపకుల పట్టికలో చేరిన తేదీలు కూడా ఉంటాయి. సగానికి సగం మంది ఏడాదిన్నరలోపు చేరినవారే అయితే అక్కడ ఎవరూ నిలవడం లేదని అర్థం. ఆ కాగితం దొరకకపోతే ఏఐసీటీఈ కోరే మాండేటరీ డిస్‌క్లోజర్ అన్న పేజీలో అధ్యాపకుల పేర్లు, ఫీజులు చూడవచ్చు. అమ్మాయి ఈ పనిని ఒక సాయంత్రం కూర్చుని రెండు కళాశాలలకూ చేయగలదు.

కళాశాలలు వేయించే హోర్డింగుల మీద ఉద్యోగాల సంఖ్య చూసి మోసపోకండి. ఒకే విద్యార్థికి మూడు కంపెనీల నుంచి ఆఫర్లు వస్తే వాటిని మూడుగా లెక్కించే అలవాటు ఉంది. 40 లక్షల ప్యాకేజీ ఎవరికో ఒకరికి వస్తే ఆ ఒక్క ఫొటోనే ఊరంతా కనిపిస్తుంది. మీరు అడగవలసిన మాటలు రెండే: ఆ బ్రాంచిలో చివరి సంవత్సరం చదివినవారు ఎందరు, వారిలో కనీసం ఒక ఉద్యోగమైనా వచ్చినవారు ఎందరు?

ఇప్పుడు నాచుపల్లి సంగతి. 2007లో మొదలైన ఆ కళాశాల జేఎన్‌టీయూహెచ్ స్వయంగా నడుపుతున్నది. అక్కడ యాజమాన్య కోటా బేరాలు లేవు, పట్టా విశ్వవిద్యాలయ కళాశాలదే. జగిత్యాల నుంచి కరీంనగర్ దారిలో కొండగట్టు దగ్గరే కనుక మీ అమ్మాయి ఇంటి నుంచి రోజూ వెళ్లి రావచ్చు; 2023 డిసెంబరు 9 నుంచి అమలవుతున్న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆమెకు టికెట్ ఖర్చు కూడా ఉండదు. అయితే అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను చెప్పను. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత అధ్యాపకుల ఖాళీలు చాలాకాలంగా భర్తీ కాలేదు, బోధనలో పెద్ద భాగం ఒప్పంద అధ్యాపకుల మీదే నడుస్తోంది. కంపెనీలు హైదరాబాద్ శివార్లకు వెళ్లినంత సులువుగా నాచుపల్లికి రావు. ఈసీఈ డిపార్ట్‌మెంటుకు గత రెండేళ్లలో ఎన్ని కంపెనీలు వచ్చాయో, హైదరాబాద్ ప్రాంగణంలో జరిగే ఎంపికలకు ఇక్కడి పిల్లలను పిలుస్తారో లేదో అక్కడి ప్లేస్‌మెంట్ అధికారిని నేరుగా అడిగి తెలుసుకోండి.

అందుకే ఆప్షన్లు పెట్టకముందే ఒకరోజు అక్కడికి వెళ్లి రమ్మంటాను. సెలవు రోజు కాకుండా పనిదినం చూసుకోండి. ప్రిన్సిపల్ గదిలో కూర్చుని మాట్లాడితే తెలిసేది తక్కువ. క్యాంటీన్ దగ్గరో, బస్టాపులోనో రెండో మూడో సంవత్సరం చదివే అమ్మాయిలు కనిపిస్తారు, వాళ్లతో మీ అమ్మాయిని మాట్లాడనివ్వండి, మీరు కాస్త దూరంగా ఉండండి. గత సెమిస్టరులో ఏ సబ్జెక్టుకు అధ్యాపకుడు ఆలస్యంగా వచ్చి చేరారు, ల్యాబ్‌లో ఒక్కో టేబుల్‌కు ఎంతమంది, సర్క్యూట్ తామే కట్టి ఆసిలోస్కోపు మీద తరంగం చూస్తారా లేక సీనియర్ల రికార్డు చూసి గీస్తారా, చివరి సంవత్సరం ప్రాజెక్టును సొంతంగా చేస్తారా లేక అమీర్‌పేటలో కొనుక్కొస్తారా అని అడిగితే పిల్లలు దాచకుండా చెబుతారు. హాస్టల్లో నీళ్ల సంగతి, సాయంత్రం ఆరు తర్వాత బస్సుల సంగతి కూడా వాళ్లకే తెలుస్తుంది. హైదరాబాద్ కళాశాలకూ ఇదే పద్ధతి. అంతదూరం ఇద్దరూ వెళ్లలేకపోతే, అక్కడ చదువుతున్న జగిత్యాల పిల్లలు తప్పకుండా ఎవరో ఒకరు ఉంటారు, వారితో ఫోన్‌లో మాట్లాడించండి.

డబ్బు లెక్కను కూడా ఒకసారి కాగితం మీద వేసి చూసుకోండి. బీసీ విద్యార్థులకు సాధారణంగా ర్యాంకు 10 వేల లోపు ఉంటేనే ప్రభుత్వం పూర్తి ఫీజు భరిస్తుంది. ఆ పైన ఏడాదికి 35 వేల రూపాయల వరకే ఇస్తుంది. ప్రైవేటు కళాశాల ఫీజు లక్ష రూపాయలు అనుకుంటే మీ వాటా ఏటా 65 వేలు, నాలుగేళ్లకు 2.60 లక్షలు. హాస్టల్‌కు నెలకు 8 వేల చొప్పున ఏడాదికి పది నెలలు వేసుకుంటే నాలుగేళ్లకు మరో 3.20 లక్షలు. మొత్తం 5.80 లక్షలు, ఇందులో పరీక్ష ఫీజులు, రాకపోకలు, ల్యాప్‌టాప్ కలపలేదు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం వల్ల కొన్ని కళాశాలలు ఆ 35 వేలను కూడా ముందు విద్యార్థి చేతే కట్టించుకుంటున్నాయి, చివర్లో సర్టిఫికెట్ల దగ్గర పేచీ పెడుతున్నాయి. దీన్ని చేరకముందే అడిగి తేల్చుకోవాలి. ఇంకొక సంగతి: రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది, అందులో మీవారి దుబాయి సంపాదన కూడా లెక్కకు వస్తుంది. అర్హత లేదని తేలితే పై లెక్కలో 35 వేలు కూడా మీ వాటాలోకే చేర్చుకోవాలి. విశ్వవిద్యాలయ కళాశాలలో ఫీజు భారం దీనికంటే తక్కువే ఉంటుంది గాని, ఒకే ప్రాంగణంలో కొన్ని కోర్సులు రెగ్యులర్‌గా, మరికొన్ని సెల్ఫ్ ఫైనాన్స్‌గా నడుస్తాయి కనుక కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ఆ కోర్సుకు ఎదురుగా ఉన్న ఫీజునే చూడండి.

ఈసీఈ చదివితే సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోతుందన్న భయం మీవారికి ఉన్నట్టుంది. పెద్ద సంఖ్యలో నియామకాలు చేసే ఐటీ కంపెనీలు చాలావరకు ఈసీఈవారినీ తీసుకుంటాయి; కొన్ని కంపెనీలు మాత్రం సీఎస్‌ఈ, ఐటీలకే పరిమితం చేస్తాయి. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ గట్టిగా నేర్చుకున్న ఈసీఈ విద్యార్థికి అవకాశం ఉంటుంది, నేర్చుకోని సీఎస్‌ఈ విద్యార్థికి ఉండదు. బీటెక్‌కు అవసరమైన 160 క్రెడిట్లకు తోడు మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే బ్రాంచిలో మైనర్ (పట్టాతో పాటు వచ్చే అదనపు అర్హత) పొందే ఏర్పాటును ఏఐసీటీఈ కల్పించింది. నాచుపల్లిలో కంప్యూటర్ సైన్స్ మైనర్ నడుస్తోందా అని మీరు వెళ్లిన రోజే కనుక్కోండి. చిప్ డిజైన్ వైపు హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ వంటి సంస్థల కేంద్రాలు ఉన్నాయి, ప్రభుత్వ రంగంలో ఈసీఐఎల్, బీడీఎల్, డీఆర్‌డీవో ప్రయోగశాలలు ఉన్నాయి. అయితే చిప్ డిజైన్ ఉద్యోగాల్లో చాలావాటికి ఎంటెక్ చేసినవారినే చూస్తారు, కనుక బీటెక్ అయిన వెంటనే అవి వస్తాయని లెక్క వేసుకోకండి.

అమ్మాయి ఇష్టం గురించి ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇంటర్ ఫిజిక్స్ నచ్చినంత మాత్రాన ఈసీఈ నచ్చుతుందని అనుకోలేం, ఎందుకంటే సిగ్నల్స్ వంటి సబ్జెక్టుల్లో ఫిజిక్స్ కంటే గణితమే ఎక్కువ. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. బేసిక్ ఎలక్ట్రానిక్స్‌లో రెండు పాఠాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు పాఠాలు చూసి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి తానే రాసి చూడమనండి. రెండింటిలో దేనికి తనంతట తాను మళ్లీ కూర్చుంటుందో గమనిస్తే, నాకు ఉత్తరం రాయకుండానే మీకు సగం సమాధానం దొరుకుతుంది.

ఇక వరుస. మీ ఉత్తరంలో రెండే దారులు ఉన్నాయి. నిజానికి మూడోది ఉంది. జేఎన్‌టీయూహెచ్‌కు నాచుపల్లితో పాటు మంథని, సిరిసిల్ల, సుల్తాన్‌పూర్‌లలో కూడా సొంత కళాశాలలు ఉన్నాయి. మంథని, సిరిసిల్ల మీకు హైదరాబాద్ కంటే దగ్గర, అక్కడ సీఎస్‌ఈ ఉంది. మీవారు కోరే కోర్సు, మీరు భరించగల ఖర్చు రెండూ కలిసే చోటు అది కావచ్చు. నేనైతే మొదట జేఎన్‌టీయూ హైదరాబాద్ ప్రాంగణం, ఉస్మానియాలలోని సీఎస్‌ఈ, ఈసీఈలను పెట్టి, తర్వాత నాచుపల్లి సీఎస్‌ఈ, ఆ తర్వాత నాచుపల్లి ఈసీఈ, మంథని, సిరిసిల్లల సీఎస్‌ఈ రాసి, వాటి కింద హైదరాబాద్ ప్రైవేటు కళాశాలల్లో ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న సీఎస్‌ఈ, ఈసీఈలను రాస్తాను. మీరు చెప్పిన డేటా సైన్స్ వాటి తర్వాతే. నాచుపల్లి ఈసీఈకి, మంథని, సిరిసిల్ల సీఎస్‌ఈలకు మధ్య వరుసను మాత్రం ఆ పైథాన్ పరీక్షే తేల్చాలి. నాచుపల్లి వెళ్లిన రోజున ల్యాబులు మూతబడి కనిపించినా, పిల్లలు పెదవి విరిచినా ఈ వరుసను నిస్సంకోచంగా మార్చుకోండి.

రాదని తెలిసిన సీటును పైన పెడితే ఆప్షన్ వృథా అవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. కంప్యూటర్ పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు దొరికిన మొదటి సీటు దగ్గర ఆగుతుంది. పైన రానివి ఎన్ని ఉన్నా కింది వాటికి నష్టం లేదు. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికలో బీసీ-డి బాలికల గడిని చూసుకోండి, ఎందుకంటే ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయిస్తారు. ఆ పట్టిక జాబితాను ఎంత కిందివరకు పొడిగించాలో తెలుసుకోవడానికే గాని, వరుస నిర్ణయించడానికి కాదు. వచ్చినా చేరనని అనుకునే కళాశాలను మాత్రం ఒక్కటి కూడా రాయవద్దు. మొదటి విడతలో సీటు వస్తే గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయాలి, లేకపోతే ఆ సీటు పోతుంది. తర్వాతి విడతలో దానికంటే మేలైనవాటికే ఆప్షన్లు ఇవ్వండి. కొత్త సీటు వచ్చిన క్షణమే పాతది రద్దయి వేరొకరికి వెళుతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. అన్ని విడతలూ ముగిశాక మిగిలిన సీట్లకు జరిపే స్పాట్ అడ్మిషన్ల దాకా ఆగుదామని ఎవరైనా సలహా ఇస్తే, ఆ సీట్లకు రీయింబర్స్‌మెంట్ లేదని గుర్తుంచుకోండి.

మీవారితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కోర్సు పేర్ల మీద వాదన పెట్టుకోకండి. నాలుగేళ్ల ఖర్చు లెక్క, రెండు కళాశాలల అధ్యాపకుల పట్టికలు, సకాలంలో గట్టెక్కినవారి సంఖ్య వాట్సాప్‌లో పంపి, ఒకరోజు చూసుకోనిచ్చి, ఆ తర్వాత ముగ్గురూ కలిసి మాట్లాడుకోండి. అమ్మాయి తన కారణాలు తానే నాన్నకు చెప్పాలి.

ఈలోగా మీ చేతిలో ఉన్న పనులు రెండు. ఈ ఏడాది జనవరి 1 తర్వాత తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ధ్రువపత్రాల పరిశీలనకు మీరు స్లాట్ తీసుకున్న రోజుకు సిద్ధంగా పెట్టుకోండి. రెండోది, కౌన్సెలింగ్‌కు ఇచ్చే ఫోన్ నంబరు మీ ఇంట్లో ఉండేదే ఇవ్వండి. పాస్‌వర్డ్ గాని, ఓటీపీ గాని నెట్ సెంటర్ కుర్రాడికైనా, ఆ కన్సల్టెంట్‌కైనా చెప్పవద్దు. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక ప్రింటు తీసుకుని, మీరు రాసుకున్న వరుసతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి.